పన్నెండు గోత్రాల కథ - 7: చెదిరిన గోత్రాలు, చెరగని చట్టం

పోయిన భాగం సమరయ పతనంతో ముగిసింది. క్రీ.పూ. 722 ప్రాంతంలో అస్సూరు సేనలు ఉత్తర ఇశ్రాయేలు రాజధానిని పట్టుకున్నాయి. అక్కడి నుంచి 27 వేల మందికి పైగా జనాన్ని తరలించుకుపోయానని సర్గోను రాజు తన శాసనాల్లో చెప్పుకున్నాడు. హలహు, హాబోరు, గోజాను నది, మాదీయుల పట్టణాలు అంటూ వాళ్లను దించిన చోట్లను రెండవ రాజుల గ్రంథం పేరుపేరునా చెబుతుంది. అక్కడితో పది గోత్రాల జాడ చెరిగిపోయింది. దక్షిణాన యూదా, బెన్యామీను గోత్రాలూ, వాళ్ల మధ్య బతికే లేవీయులూ మిగిలారు. క్రీ.పూ. 586లో యెరూషలేము వంతు వచ్చింది. బబులోను చెర నుంచి తిరిగొచ్చినవాళ్లు కొన్ని తరాల్లోనే కలిసిపోయి, అందరూ యూదులన్న ఒక్క పేరుతోనే బతికారు.

మన కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. యూదుల ధర్మశాస్త్రానికి మూలస్తంభమైన మిష్నా క్రీ.శ. 200 ప్రాంతంలో గలిలయలో రూపు దిద్దుకుంది. దాని మీద చర్చలన్నీ చేర్చిన బబులోను తల్ముదు ఆ తర్వాత మరో మూడు శతాబ్దాలు గడిస్తే గాని ఒక కొలిక్కి రాలేదు. ఆ రోజుల్లో యూదుల్ని మీది ఏ గోత్రమని అడిగితే యాజకులూ లేవీయులూ తప్ప గట్టిగా జవాబు చెప్పగలిగినవాళ్లు అరుదు. అయినా మిష్నా, తల్ముదుల పండితులైన రబ్బీలు గోత్రాల గురించి చట్టాలు చర్చిస్తూనే ఉన్నారు. గోత్రం తప్పు చేస్తే విచారించేదెవరు? ఒక గోత్రం అమ్మాయి మరో గోత్రంలోకి కోడలిగా వెళ్లొచ్చా? దేవాలయం ఎవరి పొలంలో నిలిచింది? వాళ్ల చర్చను పాతకాలపు పాండిత్య వ్యసనంగా కొట్టిపారేసిన చరిత్రకారులున్నారు. నేను అలా అనుకోను. జనసమూహంలో ఎవరి వాటా ఎంత, ఎవరి బాధ్యత ఎంత, ఎవరిని లోపలికి రానివ్వాలి అన్న ప్రశ్నలన్నిటినీ వాళ్లు గోత్రాల పేరుతోనే తేల్చుకున్నారు.

మిష్నాలో హోరాయోత్ అనే విభాగం ఉంది. న్యాయసభ పొరపాటు తీర్పు ఇచ్చి, ఆ తీర్పును నమ్మి జనం పాపం చేస్తే ప్రాయశ్చిత్త బలి ఎవరివ్వాలి అన్నది అక్కడి ప్రశ్న. ఒక్క కోడె చాలు, దాన్ని ఇవ్వాల్సింది న్యాయసభే అన్నాడు రబ్బీ మేయిర్. కాదు, పన్నెండు గోత్రాలూ పన్నెండు కోడెలు తేవాలన్నాడు రబ్బీ యెహూదా. రబ్బీ షిమోను పదమూడు అన్నాడు, గోత్రానికొకటి, న్యాయసభకొకటి. ఈ ముగ్గురూ 2వ శతాబ్దం మధ్యలో బతికినవాళ్లు. దేవాలయం క్రీ.శ. 70లోనే కాలిపోయింది. బర్ కోఖ్బా తిరుగుబాటును రోమన్లు 135లో నెత్తుటిలో ముంచారు. బలిపీఠం లేదు, మహాసభ చెదిరిపోయింది, గోత్రాలు ఎప్పుడో మాయమయ్యాయి. అలాంటి సమయంలో వాళ్లు కోడెల లెక్కలో తేల్చుకుంటున్నది పెద్దలు తప్పుదారి పట్టిస్తే ఆ దారిన నడిచిన జనానికి ఎంత బాధ్యత ఉంటుందన్నది. జనమంతా ఒకే ముద్దా, లేక ఒక్కో గోత్రమూ తన తప్పుకు తానే జవాబు చెప్పాల్సిన సమాజమా? ఓడిపోయిన జాతి వేసుకోవాల్సిన ప్రశ్నలే ఇవి.

న్యాయం విషయంలోనూ ఇదే పట్టింపు. ఒక గోత్రాన్ని గోత్రంగా విచారించాలంటే 71 మంది సభ్యుల మహాసభకే అధికారమని మిష్నా అంటుంది. గోత్రాలకు చిన్న న్యాయసభల్ని నియమించేదీ ఆ మహాసభే. అదే సమయంలో ఏ గోత్రం వ్యవహారాలను ఆ గోత్రం వాళ్లే తీర్చుకోవడం మేలని తల్ముదు చెబుతుంది. దీని వెనుక ఉన్న కథ నాకు చాలా ఇష్టం. 70 మంది పెద్దల్ని ఎంచమని మోషేకు ఆజ్ఞ అయింది. గోత్రానికి ఆరుగురు చొప్పున తీసుకుంటే 72 మంది అవుతారు. ఐదుగురైతే పది మంది తగ్గుతారు. ఒకరికి ఆరు, ఒకరికి ఐదు అంటే గోత్రాల మధ్య కక్షలు పుడతాయి. అందుకని ఆరుగురు చొప్పున 72 మందినీ పిలిచి, 72 చీట్లు వేశాడట. 70 చీట్ల మీద ‘పెద్ద’ అని రాసి, రెండు ఖాళీగా వదిలాడు. ఖాళీ చీటీ వచ్చినవాడితో, దేవుడు నిన్ను కోరుకోలేదు, నేనేం చేయను అన్నాడట. సీట్ల పంపకం ఎంత సున్నితమైన వ్యవహారమో ఎరిగిన మనుషులు చెప్పిన కథ ఇది.

దేవాలయ స్థలం గురించి కూడా ఇలాంటి లెక్కే. దావీదు ఆ స్థలంలోని కళ్ళాన్ని 50 తులాల వెండికి కొన్నాడని ఒక గ్రంథం, 600 తులాల బంగారానికి కొన్నాడని మరో గ్రంథం చెబుతున్నాయి. రబ్బీలు ఈ రెంటినీ సర్దిన తీరు చూడండి: దావీదు ఒక్కో గోత్రం నుంచి 50 వసూలు చేశాడు, పన్నెండు యాభైలు ఆరు వందలు. దేవుడి ఇంటి నేలకు యూదా గోత్రపు రాజు సొంత సొమ్ము ఒక్కటే పోస్తే కుదరదని, అందరి చెయ్యీ పడాలని వాళ్ల పట్టుదల. ఇక యెరూషలేమును గోత్రాల మధ్య పంచారా లేదా అన్న దానిపై రెండు వాదాలు నడిచాయి. పంచారన్నవాళ్ల లెక్కలో దేవాలయ ఆవరణలు యూదా భాగంలోనూ, గర్భాలయం బెన్యామీను భాగంలోనూ ఉన్నాయి. పంచలేదన్నవాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. నగరం అందరిదీ కాబట్టి, పండగలకు వచ్చిన యాత్రికుల దగ్గర యెరూషలేము ఇంటివాళ్లు అద్దె తీసుకోకూడదని తేల్చారు.

ఇప్పుడు పెళ్లిళ్ల సంగతి. మనష్షే గోత్రంలో సెలోపెహాదు అనే ఆయనకు మగపిల్లల్లేరు, ఐదుగురు ఆడపిల్లలు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి వాటా తమకు ఇమ్మని వాళ్లు మోషే ఎదుటా, యాజకుడి ఎదుటా, జనమందరి ఎదుటా నిలబడి అడిగారు. వాళ్ల మాట న్యాయమేనని దేవుడే చెప్పాడని సంఖ్యాకాండం 27వ అధ్యాయం. కొడుకులు లేనప్పుడు కూతుళ్లకు ఆస్తి అన్న చట్టం వాళ్ల పేరు మీదే వచ్చింది. కానీ 36వ అధ్యాయానికి వచ్చేసరికి మనష్షే పెద్దలు అభ్యంతరం తెచ్చారు. పిల్లలకు తండ్రి గోత్రమే వస్తుంది కదా, ఈ అమ్మాయిలు వేరే గోత్రం వాళ్లను చేసుకుంటే వాళ్ల కొడుకుల ద్వారా మన నేల పరాయి గోత్రానికి పోతుందన్నారు. అప్పుడు మోషే, నచ్చినవాళ్లను చేసుకోండి, కానీ తండ్రి గోత్రంలోనే చేసుకోండి అని తీర్పు చెప్పాడు. ఐదుగురూ తండ్రి అన్నదమ్ముల కొడుకుల్నే పెళ్లాడారు. సగోత్రం అంటేనే పెళ్లి మాట ఎత్తని మన ఇళ్లలో పెదనాన్న, బాబాయి కొడుకులంటే అన్నదమ్ములే. అక్కడ నేల దాటిపోకూడదన్న భయం పెళ్లి నియమాన్ని సరిగ్గా దీనికి ఎదురు దిక్కుకు తిప్పింది.

రబ్బీలు ఈ నియమాన్ని ఏం చేశారన్నది అసలు విషయం. నేల పంచుకున్న ఆ ఒక్క తరానికే ఇది వర్తిస్తుందని వచనంలోని ఒక్క పదాన్ని ఆధారం చేసుకుని తేల్చేశారు. ఆ ఐదుగురికి కూడా ఏ గోత్రం వాణ్నయినా చేసుకునే స్వేచ్ఛ ఉందని, మోషే చెప్పింది ఆజ్ఞ కాదు, మంచి సలహా మాత్రమేనని తల్ముదులో షెమూయేలు అనే పండితుడి మాట. అంటే గోత్రాల మధ్య గోడ కట్టిన వచనం ఉంది, ఆ వచనాన్ని చెరిపే అధికారం తమకు లేదు, కాబట్టి దాని కాలాన్ని కుదించారు. ఆ అమ్మాయిల్ని వివేకవంతులని, శాస్త్రం ఎరిగినవాళ్లని, ధర్మపరులని మెచ్చుకోవడం కూడా మరిచిపోలేదు.

రెండో గోడ ఇంకా భయంకరమైనది. న్యాయాధిపతుల గ్రంథం చివర బెన్యామీను గోత్రపు గిబియా ఊళ్లో ఒక స్త్రీని రాత్రంతా చెరిచి చంపారు. దోషుల్ని అప్పగించమంటే బెన్యామీనీయులు ససేమిరా అన్నారు. మిగతా గోత్రాలన్నీ కలిసి వాళ్లపై యుద్ధం చేశాయి. చివరికి రిమ్మోను బండ దగ్గర దాక్కున్న 600 మంది మగవాళ్లు మాత్రమే మిగిలారు. మనలో ఎవడూ తన కూతుర్ని బెన్యామీనీయుడికి ఇవ్వకూడదని మిస్పాలో అంతా ముందే ఒట్టేసుకుని ఉన్నారు. ఒక గోత్రం పూర్తిగా అంతరించిపోతోందని తెలిశాక ఏడ్చారు. అప్పుడు జరిగినదీ మంచి కథ కాదు. యాబేష్గిలాదు ఊరిని నాశనం చేసి 400 మంది కన్నెల్ని తెచ్చారు. చాలకపోతే షిలోహు పండగలో నాట్యమాడే అమ్మాయిల్ని ద్రాక్షతోటల్లో పొంచి ఎత్తుకుపొమ్మన్నారు. ఈ దుర్మార్గాన్ని బైబిలు దాచలేదు. రాజు లేని రోజుల్లో ఎవడికి తోచింది వాడు చేశాడని ఒక్క మాటతో ఆ గ్రంథం ముగుస్తుంది.

తల్ముదు ఆ ఒట్టును శాస్త్రబద్ధంగా విప్పింది. ‘మనలో’ అని ఒట్టేశారు కనుక అది ఆ తరానికే, పిల్లలకు వర్తించదన్నారు. అలా బెన్యామీను మళ్లీ సమాజంలో కలిసిన రోజు, గోత్రాల మధ్య పెళ్లిళ్లకు అడ్డు తొలగిన రోజు, రెండూ ఒక్కటేనని, అది ఆవ్ నెల 15, పౌర్ణమి అని చెప్పారు. ఇశ్రాయేలుకు ఆవ్ 15ను, ప్రాయశ్చిత్త దినాన్ని మించిన సంతోషపు పండగలు లేవని మిష్నా అంటుంది. ఆ రోజుల్లో యెరూషలేము అమ్మాయిలు తెల్లబట్టలు కట్టుకుని ద్రాక్షతోటల్లో నాట్యమాడేవారు. అందరివీ ఎరువు తెచ్చుకున్న బట్టలే. రాజు కూతురు ప్రధానయాజకుడి కూతురి దగ్గర, ఆమె తన కింది హోదావాడి కూతురి దగ్గర తీసుకునేది. బట్టలు లేని పేదపిల్ల సిగ్గుపడకూడదని ఈ ఏర్పాటు. అమ్మాయిల్ని ఎత్తుకుపోయిన ద్రాక్షతోటలనే వాళ్లు, అమ్మాయిలు తమంత తాముగా వచ్చి అబ్బాయిల్ని పిలిచి మాట్లాడే చోటుగా మార్చారు. యాదృచ్ఛికమంటే నమ్మలేను. నేటి ఇజ్రాయెల్‌లో ఆవ్ 15 ప్రేమికుల రోజు, పెళ్లిళ్ల రోజు.

పెళ్లిళ్లకు గోడ తీసేశారు సరే. నేల సంగతి ఏమిటి? లేవీయకాండం 25వ అధ్యాయం ప్రకారం 50వ యేట సునాద సంవత్సరం వస్తుంది. కొమ్ము ఊదుతారు. అమ్ముడుపోయిన పొలం మొదటి కుటుంబానికి తిరిగి వస్తుంది, దాసుడు విడుదలై ఇంటికి వెళ్తాడు. ఆ ప్రకటన దేశనివాసులందరికీ అని వచనం. ‘అందరికీ’ అన్నారు కాబట్టి జనమంతా నేల మీద ఉంటేనే సునాదం అమల్లో ఉంటుందని రబ్బీలు తీర్మానించారు. రూబేను, గాదు, మనష్షే అర్ధగోత్రం చెరకు పోయిన నాటి నుంచే అది ఆగిపోయిందన్నారు. ఇంకా గట్టిగా, అందరూ ఉన్నా సరే, యూదావాళ్లు బెన్యామీను నేలలో, బెన్యామీనువాళ్లు యూదా నేలలో కలగలిసి ఉంటే సునాదం లేదన్నారు. ఎవరి వాటాలో వాళ్లుండాలి. దాంతో హెబ్రీ దాసుణ్ని కొనే పద్ధతీ చట్టంలో మూతపడింది. సునాదం నడిచే కాలంలోనే అది నడుస్తుందని తేల్చారు మరి.

దీని ప్రభావం ఆధునిక కాలం దాకా వచ్చింది. ఏడేళ్లకోసారి పొలాన్ని బీడు పెట్టాలన్న షెమిట్టా నియమం ఉంది. 1880లలో తూర్పు యూరప్ నుంచి పాలస్తీనాకు వచ్చి వ్యవసాయం మొదలుపెట్టిన యూదులకు 1888-89లో ఆ ఏడు ఎదురైంది. ఊళ్లు కొత్తవి, చేతిలో డబ్బు లేదు, ఏడాది దుక్కి ఆపితే ఆకలే. కోవ్నోలోని రబ్బీ యిత్స్‌హాక్ ఎల్హనాన్ స్పెక్టర్, పొలాన్ని యూదేతరుడికి తాత్కాలికంగా అమ్మి సాగు చేసుకోవచ్చని అనుమతించాడు. ఆ అనుమతికి ఒక దన్ను ఏమిటంటే, సునాదం నడవని కాలంలో షెమిట్టా మోషే ధర్మశాస్త్రమైన తోరా స్వయంగా విధించినది కాదు, రబ్బీలు నిలబెట్టినది మాత్రమే, కనుక ఇబ్బందిలో సడలించవచ్చు. యెరూషలేము రబ్బీలు చాలామంది ఒప్పుకోలేదు. 1909-10లో రబ్బీ కూక్ మళ్లీ ఆ దారినే సమర్థించి ఒక గ్రంథం రాశాడు. వాదం నేటికీ నడుస్తోంది. యొర్దానుకు తూర్పున అస్సూరు రాజు రెండున్నర గోత్రాల్ని పెళ్లగించింది క్రీ.పూ. 730లలో. అదే జరిగి ఉండకపోతే, 26 శతాబ్దాల తర్వాత ఒక పేద రైతు నాగలి కట్టడానికి శాస్త్రంలో ఆ సందు దొరికేది కాదు.

అన్ని గోత్రాలూ కరిగిపోయినా లేవి నిలిచింది. ఆ గోత్రానికి నేల వాటా మొదటినుంచీ లేదు కాబట్టి నేల పోయినా పోయిందేమీ లేదు. ఇప్పటికీ ప్రార్థనామందిరంలో తోరా పఠనానికి మొదట కోహెన్‌ను, అంటే అహరోను వంశపు యాజకుణ్ని, తర్వాత లేవీయుణ్ని, మూడోసారి మిగతావాళ్లను పిలుస్తారు. తొలిచూలు కొడుకుని నెల దాటాక ఐదు షెకెళ్లకు యాజకుడి దగ్గర విడిపించుకుంటారు. కోహెన్ శ్మశానంలోకి పోడు. విడాకులు తీసుకున్న స్త్రీని, మతంలో కొత్తగా చేరిన స్త్రీని పెళ్లాడకూడదు. 1953 చట్టం తర్వాత ఇజ్రాయెల్‌లో యూదుల పెళ్లిళ్లు రబ్బీల న్యాయస్థానాల చేతిలో ఉండటంతో, ఈ నియమం అడ్డుపడిన జంటలు సైప్రస్ లాంటి చోట్లకు పోయి పెళ్లి చేసుకుని వస్తున్నారు. యూదు అవునా కాదా అన్నది తల్లిని బట్టి తేలుతుంది, ఏ గోత్రమన్నది తండ్రిని బట్టి. ఇందుకు చాలా ఇళ్లలో తాతతండ్రుల మాటే రుజువు.

మరి పోయిన పది గోత్రాలు తిరిగొస్తాయా? రబ్బీ అకీవా రావన్నాడు, పోయిన రోజు తిరిగి రానట్టే. రబ్బీ ఎలియెజెర్ అదే రోజును చూపించి, చీకటి పడ్డాక మళ్లీ తెల్లారదా అన్నాడు. అకీవా అంతటి దయామయుడు ఈ ఒక్క చోట దయను వదిలేశాడని తర్వాతి పండితులు బాధపడ్డారు. చట్టం దగ్గరకొచ్చేసరికి ప్రశ్న ఇంకా ముదిరింది. దూరదేశపు అన్యుడొకడు యూదు స్త్రీని పెళ్లాడితే, అతను పది గోత్రాల సంతతేమో, ఆ పెళ్లి చెల్లుతుందేమో అని ఒకరు అనుమానించారు. షెమూయేలు తోసిపుచ్చాడు. ఆ గోత్రాలవాళ్లను పూర్తిగా అన్యులుగా ఎంచాలని పెద్దలు ఎప్పుడో తీర్మానించారని అతని వాదన.

ఈ పాత వాదాలు మన కాలంలో జనాల బతుకుల్ని శాసించాయి. ఇథియోపియాలోని బెతా ఇజ్రాయెల్ ప్రజలు దాను గోత్రంవాళ్లని 16వ శతాబ్దంలో ఈజిప్టు రబ్బీ దావీద్ ఇబ్న్ జిమ్రా రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని 1973లో సెఫార్దీ ప్రధాన రబ్బీ ఓవద్యా యోసేఫ్ వాళ్లు యూదులేనని తీర్పిచ్చాడు. ఆ మాట మీదే వాళ్లను ఇజ్రాయెల్‌కు తెచ్చే విమానాలు కదిలాయి. అయినా వచ్చినవాళ్లను సందేహ నివృత్తికి మతస్వీకార స్నానంలో మునగమన్నప్పుడు, 1985లో వాళ్లు రబ్బీల కార్యాలయం ఎదుట వారాల తరబడి ధర్నా చేశారు. వాళ్ల కోపం న్యాయమైనదని నా నమ్మకం. మణిపూర్, మిజోరంల బ్నే మెనాషేలను 2005లో ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ పోయిన గోత్రం సంతతిగా గుర్తించినా, మతస్వీకార క్రతువు మాత్రం తప్పదన్నాడు.

మన గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో మాదిగ సమాజం నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు గత శతాబ్దం చివరి దశకాల నుంచి తమను బెనె ఎఫ్రాయీం అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటున్నాయి. శనివారం విశ్రాంతి పాటిస్తారు, ప్రార్థనామందిరం కట్టుకున్నారు, హెబ్రీ నేర్చుకుంటున్నారు. ఈశాన్యంవాళ్లకు దక్కిన గుర్తింపు వీళ్లకు దక్కలేదు. ఊరి చివర నిలబెట్టిన మనుషులు తమకూ ఒక పురాతన గోత్రం ఉందని చెప్పుకోవడంలో ఎంత బరువుందో తెలుగువాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

వాళ్ల ప్రశ్నకు శాస్త్రం ఇచ్చే జవాబు సూటిగా ఉండదు. మతంలో కొత్తగా చేరినవాడికి గోత్రం లేదు, నేలలో వాటా లేదు. తొలిఫలాలు తెచ్చినప్పుడు, మా పితరులకిచ్చిన నేల అని అతను చెప్పకూడదని మిష్నా నియమం. యెరూషలేము తల్ముదు దీన్ని ఒప్పుకోలేదు. అబ్రాహాము అనేక జనాలకు తండ్రి కదా, అతనూ చెప్పవచ్చంది. 12వ శతాబ్దంలో మైమోనిడిస్ అనే పండితుడు, ఓబద్యా అనే కొత్త యూదుడు అడిగినప్పుడు, మా పితరుల దేవా అని నిస్సంకోచంగా ప్రార్థించమని ఉత్తరం రాశాడు. అదే మైమోనిడిస్ తన ధర్మశాస్త్రం చివర, మెస్సీయా వచ్చి ఒక్కొక్కరి గోత్రం చెబుతాడని రాశాడు. యాజకులెవరో, లేవీయులెవరో తేలుస్తాడు. కానీ ఎవరి పుట్టుకలో మచ్చ ఉందో మాత్రం బయటపెట్టడు. జనంలో కలిసిపోయిన కుటుంబం కలిసిపోయినట్టే లెక్క అన్నది తల్ముదు నాటి చట్టం, మెస్సీయా కూడా దాన్ని దాటడు.

యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 47వ అధ్యాయంలో, చెర తర్వాత నేలను పన్నెండు గోత్రాలకూ మళ్లీ పంచే దర్శనం ఉంది. అక్కడ యెహెజ్కేలు పరదేశులను కూడా లెక్కలోకి తెచ్చాడు. మీ మధ్య స్థిరపడి పిల్లల్ని కన్నవాళ్లను స్వదేశీయుల్లాగే ఎంచి, ఏ గోత్రం మధ్య బతుకుతున్నారో ఆ గోత్రంలోనే వాళ్లకు వాటా ఇవ్వాలని ఆజ్ఞ.

(వచ్చే భాగం: దాను గోత్రంవాణ్నని చెప్పుకుంటూ 9వ శతాబ్దంలో కైరువాన్‌కు వచ్చిన యాత్రికుడు ఎల్దాద్ హదానీ)